ఇంటి బడి: లెక్కను ముందు అమ్మకు చెప్పు

రామన్నపేటలో మగ్రిబ్ నమాజు ముగిసి, బజారులో దీపాలు వెలిగే వేళకు మా ఇంటి వసారాలో నలుగురైదుగురు పిల్లలు చేరతారు. ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన వ్యాపకం ఇదే. కిందటి సంవత్సరం వారిలో ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది. అన్న చదువు పదవ తరగతితో ఆగిపోయింది. ఈ అమ్మాయిది కూడా అక్కడితో ఆగుతుందేమోనన్న మాట ఆ ఇంట్లో అప్పుడప్పుడు వినబడుతూ ఉండేది.

ఒకనాటి సాయంత్రం ఆ అమ్మాయికి నేనిచ్చిన లెక్క ఇది: తల్లి వయసు కూతురి వయసుకు 3 రెట్లు. 13 సంవత్సరాల తరువాత తల్లి వయసు కూతురి వయసుకు 2 రెట్లు అవుతుంది. కూతురి ప్రస్తుత వయసు ఎంత?

పుస్తకాలలో తెలియని సంఖ్యకు ఎక్స్ అని రాస్తారు. ఈ వ్యాసంలో దానికి ‘క’ అని రాస్తున్నాను. అమ్మాయి రాసిన సమీకరణం 3క + 13 = 2క + 13. చకచకా సాధించింది. క = 0 అని వచ్చింది. కింద రెండు గీతలు గీసి, ‘కూతురి వయసు సున్న’ అని రాసి నా చేతికిచ్చింది. ముఖంలో ఏ అనుమానమూ లేదు.

ఆ సమయానికి తల్లి ఆమెను తీసుకుపోవడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను తప్పు చెప్పకుండా, ‘బేటీ, ఈ లెక్కను మీ అమ్మీకి చెప్పు, పుస్తకం చూడకుండా చెప్పు’ అన్నాను. అమ్మాయి ఉర్దూలో చెప్పింది. తల్లి విని నవ్వింది. ‘కూతురు ఇంకా పుట్టలేదా ఏమి? నీకు సున్న ఏళ్ళయితే నాకు కూడా సున్న ఏళ్ళే కదా, మూడు సున్నలు సున్నే కదా’ అన్నది. తరువాత ఒక్క క్షణం ఆగి, ‘పదమూడేళ్ళకు నేను ముసలిదాన్నవుతాను, సరే. నువ్వు పెద్దదానివి కావా? నీ పదమూడేళ్ళు కూడా రెట్టింపులో కలవాలి కదా’ అని అడిగింది.

ఆమె చదివింది ఐదవ తరగతి. సమీకరణం అనే మాట ఆమెకు తెలియదు. కాని ఆ లెక్కలోని దోషాన్ని ఉన్నచోట ఉన్నట్లు పట్టుకున్నది ఆమే. 13 సంవత్సరాల తరువాత కూతురి వయసు క + 13. దానికి రెట్టింపు 2(క + 13). అమ్మాయి ఆ కుండలీకరణాన్ని వదిలేసింది. సరిగా రాస్తే 3క + 13 = 2క + 26. క = 13. తల్లికి 39. పదమూడేళ్ళకు 26, 52. సరిపోయింది.

పాఠక సోదరీమణులారా, ఈ నెల నేను చెప్పదలచిన విషయమంతా ఆ గుమ్మం దగ్గరి సంభాషణలోనే ఉంది. పిల్లలు పద సమస్యలలో తప్పేది బీజగణితం రాక కాదు. సమీకరణం చేతికిస్తే చాలామంది సాధిస్తారు. వాక్యం నుండి సమీకరణానికి వచ్చే దారిలో జారిపోతారు. ఆ దారిలో వారికి తోడుగా నడవడానికి లెక్కల మాస్టారే కానక్కరలేదు.

ఇంతకూ ఆ అమ్మాయి సిద్ధపడుతున్నది ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్షకు. జాతీయ ఉపకార వేతన పథకమిది, కేంద్ర ప్రభుత్వానిది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి చదివేవారు రాయవచ్చు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు మించకూడదు. ఏడవ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 5 శాతం సడలింపు ఉన్నది. ఎంపికైనవారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు నాలుగేళ్ళపాటు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. మొత్తం 48,000. ఆటో సంపాదన మీద నడిచే ఇంట్లో ఆడపిల్ల ఇంటర్ చదువును నిర్ణయించగల మొత్తం అది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. భోజన వసతులతో కూడిన ప్రభుత్వ గురుకులాల పిల్లలకు ఈ పథకం వర్తించదు. 2016లో మొదలైన మన మైనారిటీ గురుకులాల్లో పిల్లలను చేర్చిన తల్లిదండ్రులు కొందరు ఈ సంగతి తెలియక దరఖాస్తు కోసం తిరిగి నిరాశపడుతుంటారు. అటువంటి పిల్లలకు వేరే పోటీలున్నాయి. 1965లో ఏర్పడి చెన్నై కేంద్రంగా పనిచేస్తున్న భారత గణిత ఉపాధ్యాయుల సంఘం ఏటా జాతీయ గణిత ప్రతిభా పోటీని నిర్వహిస్తుంది. అందులో 7, 8 తరగతుల వారికి సబ్ జూనియర్ అనే స్థాయి ఉన్నది. డబ్బు కంటే ఆలోచనకు పదును పెట్టే పోటీ అది.

ఇక నా తప్పు చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను పనిచేసిన ఒక పాఠశాల గోడ మీద పెద్ద అట్ట ఒకటి వేలాడదీశాను. ‘ఎక్కువ, మొత్తం, కలిపి అని ఉంటే కూడిక. తక్కువ, మిగిలిన అని ఉంటే తీసివేత. రెట్లు అంటే గుణకారం. సమానంగా పంచితే భాగహారం.’ పిల్లలకు అది ఎంతో నచ్చింది. నాకూ నచ్చింది. మార్కులు కూడా పెరిగాయి. ఆ తరువాత మా బడి నుండి ఒక చురుకైన అబ్బాయి పోటీ పరీక్షకు వెళ్ళాడు. అందులో ఇటువంటి లెక్క వచ్చింది: ఒక దుకాణంలో సోమవారం అమ్మిన బియ్యం మంగళవారం అమ్మినదానికంటే 15 కిలోలు ఎక్కువ. సోమవారం 60 కిలోలు అమ్మితే మంగళవారం ఎంత అమ్మారు? ‘ఎక్కువ’ అనే మాట కనబడగానే వాడు 60కి 15 కలిపి 75 అని రాశాడు. సరైన జవాబు 45. తిరిగి వచ్చి, ‘ఎక్కువ అంటే కలపమని మీరే కదా సార్ చెప్పింది’ అన్నాడు. నిందించలేదు, అడిగాడంతే. ఆ సాయంత్రమే అట్టను దింపేశాను. ఎన్నో ఏళ్ళు గడిచినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

నేటికీ గైడు పుస్తకాల్లోనూ, కోచింగ్ కేంద్రాల్లోనూ అదే అట్ట వేరే రంగుల్లో కనిపిస్తూనే ఉంది. పోటీ పరీక్షల ప్రశ్నలు తయారుచేసేవారికి ఆ అట్ట సంగతి మనకంటే బాగా తెలుసు. దానిని నమ్మినవాడు జారిపోయే విధంగానే వాక్యం అల్లుతారు.

మన పిల్లలకు మరొక చిక్కు ఉంది. 2022–23 విద్యా సంవత్సరం నుండి రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. పుస్తకాలు ద్విభాషా పుస్తకాలు, ఒక పేజీలో ఆంగ్లం, ఎదుటి పేజీలో తెలుగు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకు ఇవి మూడు భాషలు. సమీకరణాల భాషను కూడా లెక్కిస్తే నాలుగు. ఇంత భారం ఎలా మోస్తారని పెద్దలు దిగులుపడతారు. దిగులు సహజమే. అయితే ఇందులో మన పిల్లలకు అనుకూలమైన సంగతి ఒకటి ఉన్నది, దానిని ఎవరూ గమనించరు.

ఆంగ్లంలో ‘ఫైవ్ లెస్ దాన్ ఎ నంబర్’ అంటారు. పిల్లవాడు మాటలు వచ్చిన వరుసలోనే రాస్తూ పోతే 5 – క అవుతుంది. అది తప్పు. అదే మాటను తెలుగులో ‘ఒక సంఖ్య కంటే 5 తక్కువ’ అంటాము. ఉర్దూలో ‘ఏక్ అదద్ సే పాంచ్ కమ్’ అంటాము. ముందు సంఖ్య, తరువాత 5, తరువాత తగ్గింపు. వరుసగా రాస్తే క – 5. సరిగా వస్తుంది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను, ఆంగ్ల వాక్యాన్ని నేరుగా సమీకరణంగా మార్చిన పిల్లలు తలకిందులుగా రాసిన చోట, ఇంటి భాషలో ఒకసారి చెప్పుకుని రాసినవారు సరిగా రాస్తున్నారు. ఇంటి భాషను గుమ్మం బయట వదిలి రమ్మనే బడులున్నాయి. లెక్కల విషయంలో మాత్రం ఆ సలహా పాటించవద్దు.

తెలుగులోనూ గుంటలు లేకపోలేదు. ‘మూడు రెట్లు’ అన్నా ‘మూడు రెట్లు ఎక్కువ’ అన్నా వ్యవహారంలో ఒకటిగానే వాడేస్తాము. కొందరు రెండవదానికి నాలుగు రెట్లనే అర్థం చెబుతారు. అటువంటి వాక్యం ఎదురైతే రెండు అర్థాలకూ జవాబు కట్టి, ఎంపికలలో ఏది ఉందో చూసుకోవాలి.

మాటలలో ఆలోచించడం తెలివితక్కువతనమనీ, అక్షరాలలో ఆలోచించడమే గణితమనీ అనుకునేవారికి ఒక చరిత్ర గుర్తుచేస్తాను. తొమ్మిదవ శతాబ్దం తొలి భాగంలో బాగ్దాదులో ఖలీఫా మామూన్ కాలంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒక గ్రంథం రాశాడు. దాని పేరులోని ‘అల్ జబ్ర్’ అనే మాటే ఐరోపా భాషల్లో ఆల్జీబ్రా అయింది. జబ్ర్ అంటే విరిగినదానిని తిరిగి సరిచేయడం. సమీకరణంలో ఒక వైపు తీసివేతగా ఉన్నదానిని రెండవ వైపుకు చేర్చి పూరించడం ఇక్కడి అర్థం. విరిగిన ఎముకలు కట్టేవారిని స్పెయినులో చాలాకాలం ‘అల్జెబ్రిస్తా’ అనే పిలిచేవారు. ఆ గ్రంథం మొత్తంలో ఈనాటి ఎక్స్ వంటి సంకేతం ఒక్కటి కూడా లేదు. సంఖ్యలను సైతం మాటల్లోనే రాశాడు. తెలియని రాశిని ‘షయ్’ అన్నాడు, అంటే వస్తువు. బీజగణితం పేరు పొందిన ఆ గ్రంథమంతా మాటల్లోనే సాగింది.

మన దేశంలో భాస్కరాచార్యుడు పన్నెండవ శతాబ్దంలో తెలియని రాశులను యావత్తావత్, కాలక, నీలక అని పిలిచి, వాటి మొదటి అక్షరాలను వాడాడు. ఆయన లీలావతిని అక్బరు ఆస్థాన కవి ఫైజీ 1587లో పారశీకంలోకి మార్చాడు. తెలుగువారి విషయానికి వస్తే, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మన భాషలో లెక్క మొదట పద్యంగా, అంటే కథగా, పుట్టింది.

ఖ్వారిజ్మీ గ్రంథంలో సగానికి దగ్గరగా ఉన్న భాగం దేని గురించో తెలిస్తే ఈ పత్రిక పాఠకులకు ఆశ్చర్యం కలగదు. అది వారసత్వపు పంపకాల గురించి. దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా వాటాలు నిర్ణయించింది. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు, మిగిలినదానిలో కుమారునికి ఇద్దరు కుమార్తెల వాటాకు సమానం. అప్పులు, వీలునామా తీర్చిన తరువాతే పంపకం. ఈ నియమాలను ప్రతి కుటుంబ పరిస్థితికీ అన్వయించడానికి లెక్క కావాలి. ఆ అవసరమే అతని చేత అంత రాయించింది.

ఈ లెక్కనే పోటీ ప్రశ్నగా తిప్పి చూద్దాం. ఒక వ్యక్తి మరణించాడు. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు, మరే వారసులూ లేరు. ఒక్కొక్క కుమార్తెకు 70,000 రూపాయలు వచ్చాయి. పంచిన ఆస్తి ఎంత? పిల్లలు వెంటనే ఎనిమిదవ వంతు పట్టుకుని 70,000ను 8తో గుణిస్తారు. ఆగమనండి. ఎనిమిదవ వంతు ఎవరిది? భార్యది. అది పోగా మిగిలింది ఎనిమిదింట ఏడు వంతులు. దానిని ఎన్ని భాగాలు చేశారు? కుమారునికి 2, కుమార్తెలకు ఒక్కొక్కటి, మొత్తం 4. ఒక్క భాగం 70,000 అయితే నాలుగు భాగాలు 2,80,000. ఎనిమిదింట ఏడు వంతులు అంత అయితే ఒక్క వంతు 40,000. ఆస్తి 3,20,000. సరిచూడండి: 40,000 + 1,40,000 + 70,000 + 70,000. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పిల్లకు ఎక్స్ అవసరమే రాలేదు. మాటల్లో ఇంతదూరం వచ్చిన తరువాత, రాయమంటే 7క/8 = 4 × 70,000 అని తానే రాస్తుంది.

ఇక్కడ మరొక జారుడు మెట్టు ఉంది. ‘కుమారుని వాటా కుమార్తె వాటాకు రెండింతలు’ అన్న వాక్యాన్ని సమీకరణంగా రాయమంటే, కుమారుని వాటాను ‘మ’ అనీ కుమార్తె వాటాను ‘త’ అనీ అనుకుని, చాలామంది 2మ = త అని రాస్తారు. కుమారుని పక్కన రెండు వినబడింది కదా. రాయవలసింది మ = 2త. దీనికి పెద్దలూ అతీతులు కారు. అమెరికాలో 1981లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఆచార్యుల సంఖ్యకు విద్యార్థుల సంఖ్య ఆరు రెట్లు అనే వాక్యాన్ని సమీకరణంగా రాయమంటే ఇంజనీరింగ్ తొలి సంవత్సరపు విద్యార్థులలో మూడవ వంతుకు మించి తప్పారు. తప్పినవారిలో ఎక్కువమంది చేసింది ఈ తలకిందుల పనే. మందు చిన్నది. త స్థానంలో 70,000 పెట్టి చూడమనండి. కుమారునికి 1,40,000 రావాలి. 2మ = త అన్న సమీకరణం 35,000 ఇస్తుంది. పిల్లకు తానే తెలిసిపోతుంది.

అన్ని లెక్కల్లోనూ తప్పు పిల్లలదే కాదు. ఇద్దరు నేతగాళ్ళలో ఒకరు ఒక చీరను 20 రోజుల్లో, మరొకరు 30 రోజుల్లో నేస్తే, ఇద్దరూ కలిసి ఎన్ని రోజుల్లో నేస్తారు అని ఒకసారి అడిగాను. సిరిపురం వైపు నుండి వచ్చే ఒక నేతన్న కొడుకు రాయకుండా కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, ‘ఒక్క మగ్గం మీద ఇద్దరెట్ల కూసుంటరు సార్’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పోచంపల్లి చుట్టుపక్కల పుట్టి, గుంట మగ్గంలో కూర్చునేది ఒక్కరేనని ఎరిగి కూడా, నలభై ఏళ్ళు అదే లెక్క చెప్పాను. మరునాడు మార్చి చెప్పాను: ఒక దుకాణం వారు కొన్ని చీరలు కావాలన్నారు, రెండు ఇళ్ళలో రెండు మగ్గాలు నడుస్తున్నాయి, మొదటి మగ్గం ఒక్కటే అయితే 20 రోజులు, రెండవది ఒక్కటే అయితే 30 రోజులు. వాడు వెంటనే చేశాడు. రోజుకు 1/20 + 1/30, అంటే 1/12. పన్నెండు రోజులు. వాడికి లెక్క రాక కాదు, కథ నమ్మశక్యంగా లేక ఆగిపోయాడు. అలా ఆగే పిల్లవాడిని మొద్దు అనే ముందు కథను ఒకసారి చూసుకోవడం మంచిది.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఎన్.ఎం.ఎం.ఎస్.లో రెండు పత్రాలు, ఒక్కొక్కటి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ప్రశ్నకు ఒక నిమిషం. ఇంత నిదానంగా అమ్మకు కథ చెప్పుకుంటూ కూర్చుంటే పరీక్ష ముగిసేదెప్పుడు? నిజమే. ఈ పద్ధతి పరీక్ష గది కోసం కాదు, ఇంటి కోసం. రోజుకు రెండు లెక్కలు, అంతకు మించి వద్దు. మూడు నెలలు చేస్తే, ఎవరికీ చెప్పకుండానే లోలోపల చెప్పుకునే అలవాటు కుదురుతుంది. పరీక్ష గదిలో మాత్రం ఎంపికలను వాడుకోవాలి. మొదటి లెక్కకు 9, 11, 13, 15 అని ఎంపికలు ఇచ్చారనుకోండి. 13 పెట్టి చూస్తే 39, తరువాత 26, 52. అర నిమిషం. దీనిని దొంగదారి అనే ఉపాధ్యాయ మిత్రులున్నారు. నేను అంగీకరించను. సరిచూసుకోవడమే అది, క్రమం మాత్రం వెనుకముందయింది. అయితే ఎంపికలు ఇవ్వని ప్రశ్నలు ఎదురైనప్పుడు ఆ దారి మూసుకుపోతుందని పిల్లలకు ముందే చెప్పాలి.

తల్లి చేయవలసింది ఎక్కువ లేదు. పిల్ల పుస్తకం మూసి లెక్కను కథగా చెప్పాలి. తల్లి రెండు ప్రశ్నలు వేయాలి: మనకు తెలియనిది ఏది? తెలిసినవాటిలో దేనికి దేనితో సంబంధం? జవాబు వచ్చిన తరువాత మూడవది: ఇది జరిగే పనేనా? సున్న ఏళ్ళ కూతురు, ఏడున్నర మంది కూలీలు, అసలు ధర కంటే పెద్దదైన తగ్గింపు, ఇవన్నీ ఆ మూడవ ప్రశ్న దగ్గర పట్టుబడతాయి. జవాబు తనకు తెలియదని తల్లి సిగ్గుపడనక్కరలేదు. తెలిస్తే చెప్పేస్తుంది, అది ఇంకా నష్టం. తండ్రులకూ ఇదే మాట, ఇంటికి వచ్చేసరికి ఓపిక మిగిలి ఉంటే.

ఆ అమ్మాయి తరువాతి మూడు నెలలూ అలాగే చేసింది. కుట్టుమిషను చప్పుడు మధ్య లెక్కలు చెప్పేది. తల్లి తొక్కడం ఆపి, ‘మళ్ళీ చెప్పు, దుకాణందారు ముందు తగ్గించాడా, తరువాత తగ్గించాడా?’ అని అడిగేదట. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం నా దగ్గరకు వచ్చి, ఒక వయసుల లెక్క వచ్చిందని, కుండలీకరణం మరచిపోలేదని చెప్పింది. ఎంపికైన వారి జాబితా ఈ వ్యాసం రాసే నాటికి ఇంకా వెలువడలేదు. ఈమధ్య తల్లి కనబడి, జాబితా ఎప్పుడొస్తుందని అడగలేదు. తొమ్మిదవ తరగతి లెక్కల పుస్తకం పాతది ఎక్కడైనా దొరుకుతుందా అని అడిగింది.

ఈ నెల లెక్క: ఒక తండ్రి మరణించాడు. అప్పులు, వీలునామా తీర్చగా మిగిలిన ఆస్తిని భార్యకు, ఇద్దరు కుమారులకు, ముగ్గురు కుమార్తెలకు ధర్మశాస్త్రం ప్రకారం పంచారు. మరే వారసులూ లేరు. ఒక్కొక్క కుమారుని వాటా తల్లి వాటా కంటే 60,000 రూపాయలు ఎక్కువ. పంచిన ఆస్తి ఎంత? జవాబుతో పాటు, ఈ లెక్కను మీ పిల్లలు మీకు ఏ మాటల్లో చెప్పారో కూడా రాసి పంపండి.